ఎనిమిది పాయింట్ ఎనిమిది



2006 నవంబర్‌లో అమెరికాలో ఒక వీడియో గేమ్ విమర్శకుడి మీద అభిమానులు విరుచుకుపడ్డారు. ఆయన చేసిన నేరమల్లా ఒక ఆటకి పదికి 8.8 మార్కులు వేయడం. మీరు సరిగ్గానే విన్నారు, ఎనిమిది పాయింట్ ఎనిమిదే. మన దగ్గర సినిమాకి అయిదుకి 2.75 వేస్తే హీరో అభిమానులు ఊరుకోరని అందరికీ తెలుసు. ఇక్కడ సంగతి అది కూడా కాదు. ఆట బాగాలేదని ఆయన రాయలేదు. బాగుందనే రాశాడు. చాలినంత బాగుందని రాయలేదన్నదే గొడవంతా.

ఆ విమర్శకుడి పేరు జెఫ్ గెర్స్ట్‌మన్. రాసింది గేమ్‌స్పాట్ అనే సంస్థకి. ఆట పేరు ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ట్వైలైట్ ప్రిన్సెస్’.

జెల్డా గురించి తెలియని వాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. తొంభైల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడుకున్న కాసెట్ల ఆటలు గుర్తున్నాయి కదా, మారియో, కాంట్రా? ఆ మారియోని పుట్టించిన షిగెరు మియామోటోయే తకాషి తెజుకాతో కలిసి జెల్డాని కూడా తయారుచేశాడు. మొదటి ఆట 1986 ఫిబ్రవరి 21న జపాన్‌లో వచ్చింది. మియామోటో పెరిగింది క్యోటో దగ్గర సొనోబే అనే పల్లె ప్రాంతంలో. చిన్నప్పుడు కొండల్లో తిరుగుతుంటే ఒక గుహ కనిపించిందట. లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లాడట. లోపల ఏముందో తెలియని ఆ భయం, చూడాలన్న ఆ దురద, రెండింటినీ ఆటలో పెట్టాలనుకున్నాడు. పెట్టాడు కూడా.

కథ చాలా చిన్నది. హైరూల్ అనే రాజ్యం, జెల్డా అనే రాకుమారి, గానన్ అనే దుష్టుడు, ఆకుపచ్చ బట్టల్లో లింక్ అనే కుర్రాడు. చాలామంది ఆ కుర్రాడి పేరే జెల్డా అనుకుంటారు, పాపం. పేరు రాకుమారిది, కష్టమంతా లింక్‌ది. ప్రధాన వరుసలో రాకుమారి తానే ముందు నిలబడి ఆట నడిపించడానికి 2024 దాకా పట్టింది. ఇంకో తమాషా, ఆ రాజ్యంలో చెల్లే డబ్బు పేరు రూపీ. మన రూపాయిలాగే వినిపిస్తుంది కదా.

1998లో ‘ఆకరీనా ఆఫ్ టైమ్’ వచ్చింది. జపాన్‌లో ఫమిట్సు అనే పత్రిక ఉంది. దాంట్లో ఒక్కో ఆటని నలుగురు సమీక్షకులు చూస్తారు, ఒక్కొక్కరు పదికి మార్కులు వేస్తారు, కలిపితే నలభై. అంతవరకూ ఆ పత్రికలో నలభైకి నలభై తెచ్చుకున్న ఆట లేదు. ఆకరీనా తెచ్చుకుంది. అన్ని సమీక్షల్నీ కలిపి నూటికి సగటు కట్టే మెటాక్రిటిక్ అనే సంస్థ దగ్గర దాని సగటు 99. ఇప్పటికీ ఆ పట్టికలో దాన్ని దాటిన ఆట లేదు. అభిమానులకి తిప్పలు మొదలైంది అక్కడే అంటాను నేను. అప్పటికి పదేళ్ల పిల్లవాడు ఆ ఆటని గుండెల్లో పెట్టుకుని పెరిగాడు. ఆ తర్వాత వచ్చే ప్రతి జెల్డాకీ తొంభై తొమ్మిది రావాల్సిందేనని కూర్చున్నాడు.

మళ్లీ 2006కి వద్దాం. ఆ నవంబర్‌లో అమెరికాలో రెండు కొత్త యంత్రాలు రెండు రోజుల తేడాతో మార్కెట్లోకి వచ్చాయి. 17న సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 3, 19న నింటెండో వాళ్ల వీ. ఇంట్లో రెండూ కొనిపెట్టే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు? పిల్లలు ఏదో ఒకటి ఎంచుకోవాలి. వీ ఎంచుకున్న వాళ్లకి దానితోపాటు వస్తున్న జెల్డాయే పెద్ద దిక్కు. అందుకని ఆ 8.8 వాళ్ల కంటికి ఒక ఆటకి వేసిన మార్కులా కనబడలేదు. నువ్వు డబ్బు తప్పుడు చోట పోశావురా అబ్బాయ్ అని ఎవరో అన్నట్టు వినిపించింది.

ఇంతకీ గెర్స్ట్‌మన్ రాసిందేమిటి? ఆట గొప్పదే, కానీ చేతిలోని రిమోట్ ఊపితే కత్తి తిరిగే ఏర్పాటు పైనుంచి అతికించినట్టుంది, బొమ్మ పాతబడింది, సంగీతం పాత యంత్రం పలికించినట్టుంది, పాత్రలు నోరు విప్పి మాట్లాడవు అన్నాడు. ఆ మాటల్లో అన్యాయం ఏముందో నాకు కనిపించదు. ఆ ఆట మొదట పాత గేమ్‌క్యూబ్ యంత్రం కోసం తయారై, తర్వాత వీకి మారింది. రిమోట్ ఊపడం నిజంగానే పైనుంచి చేర్చింది. ఇవాళ ఆ ఆటని ఇష్టపడే వాళ్లే ఆ మాట ఒప్పుకుంటారు. ఆ రోజు మాత్రం సమీక్షలోని పేరాల జోలికి వెళ్లిన వాళ్లు తక్కువ. అంకె ఒక్కటి చాలింది. ‘ఎయిట్ పాయింట్ ఎయిట్’ అన్నది ఆటగాళ్ల లోకంలో ఏళ్లతరబడి ఒక ఎగతాళి మాటగా నిలిచిపోయింది.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇవాళ మీ ముందుకు వచ్చేవాణ్ణి కాదు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2007 నవంబర్‌లో, గేమ్‌స్పాట్ గెర్స్ట్‌మన్‌ని ఉద్యోగంలోంచి తీసేసింది. ఈసారి ఆయన ‘కేన్ అండ్ లించ్’ అనే ఆటకి 6 వేశాడు. అప్పుడే ఆ ఆట ప్రకటనలు గేమ్‌స్పాట్ నిండా పరిచి ఉన్నాయి. ప్రకటనలిచ్చిన వాళ్ల ఒత్తిడికి లొంగి తీసేశారని అందరూ అన్నారు, సంస్థ కాదంది. నోరు విప్పకూడదన్న ఒప్పందం తొలగిపోయాక 2012లో ఆయనే చెప్పాడు: ఆటల కంపెనీల నుంచి వచ్చే ఒత్తిడిని అప్పటి కొత్త యాజమాన్యం తట్టుకోలేకపోయిందని.

మరి ఉద్యోగం పోయిన రోజు ఆయన తరఫున గొంతెత్తింది ఎవరు? ఆటగాళ్లే. చందాలు రద్దు చేసుకున్న వాళ్లున్నారు. తోటి సమీక్షకులు కొందరు ఒకరి వెనక ఒకరు ఉద్యోగాలు వదిలేశారు. 2008లో గెర్స్ట్‌మన్ తన సహచరుడు రయన్ డేవిస్‌తో కలిసి జయంట్ బాంబ్ అనే సొంత సంస్థ పెడితే ఆదరించింది కూడా ఆ ఆటగాళ్లే. ఏడాది ముందు, మాకు నచ్చిన ఆటకి మార్కులు పెంచు అని మీదపడ్డ జనం, ఒక కంపెనీ అదే పని కోరిందనగానే భగ్గుమన్నారు. అభిమాని అడిగినా ప్రకటనదారు అడిగినా కోరిక ఒక్కటే కదా. ఈ పోలిక అప్పట్లో ఎంతమందికి తట్టిందో మరి.

జెల్డా అభిమానులు విమర్శకుల్నే కాదు, ఆటనీ తిట్టిన సందర్భం ఒకటుంది. 2000 ఆగస్టులో నింటెండో తన ప్రదర్శనలో ఒక చిన్న వీడియో చూపించింది. పెద్దవాడైన లింక్, గానన్ మనిషి రూపమైన గానన్‌డార్ఫ్ ఎదురెదురుగా కత్తులు దూస్తున్నారు. నిజం మనుషుల్లా ఉన్నారు. అభిమానులు అది మనసులో అచ్చువేసుకున్నారు. మరుసటి ఏడు అదే ప్రదర్శనలో అసలు ఆట చూపిస్తే ఏముంది, పెద్ద కళ్లు, పొట్టి కాళ్లు, పిల్లల కార్టూన్ బొమ్మ. ఒక్కసారిగా గోల. కార్టూన్ బొమ్మలకి వాడే సాంకేతికత పేరుని జెల్డాకి కలిపి ‘సెల్డా’ అని వెక్కిరించారు. అదే ‘ది విండ్ వేకర్’.

అప్పుడు విమర్శకులు ఆట వైపు నిలబడ్డారు. ఫమిట్సు మళ్లీ నలభైకి నలభై ఇచ్చింది. మెటాక్రిటిక్ సగటు 96. ఇవాళ ఆ ఆటని పెట్టి చూడండి. ఆ కాలంలో నిజం మనుషుల్లా గీసిన ఆటలన్నీ వెలిసిపోయాయి, ఈ కార్టూన్ మాత్రం నిన్న గీసినట్టుంది. ఆనాడు గోల చేసిన వాళ్లు ఇప్పుడు అది మా చిన్ననాటి ఆట అని మురిసిపోతున్నారు.

అయితే ఆ మెచ్చుకోళ్ల మధ్యనే సమీక్షకులు ఒక సణుగుడు సణిగారు. సముద్రంలో పడవ ప్రయాణం మరీ సాగదీశారని, చివర్లో ముక్కల వేట విసుగు పుట్టిస్తోందని. ఆ వేట ఎలా ఉంటుందో చెబుతాను. ట్రైఫోర్స్ అనే మహిమగల వస్తువు ఎనిమిది ముక్కలై సముద్రం అడుగున పడి ఉంటుంది. ముందు ఒక్కో ముక్కకీ ఒక్కో పటం వెతకాలి. ఆ పటం మనకి అర్థం కాదు. టింగిల్ అనే ఒక వింత మనిషి దగ్గరికి తీసుకెళ్లాలి. వాడు చదివి పెట్టినందుకు పటానికి 398 రూపీలు గుంజుతాడు. ఎనిమిది పటాలకి ఎంతవుతుందో లెక్కేసుకోండి. డబ్బు చాలక మళ్లీ దీవులు తిరగాలి. అదయ్యాక పడవేసుకుని ఆ చోటికి పోయి, కొక్కెం వేసి, ముక్క పైకి లాగాలి. కథ ముగింపుకి వచ్చింది, చేతులు ఉరకలేస్తున్నాయి అనుకునే వేళకి ఈ వసూళ్ల పని.

2013లో నింటెండో ఆ ఆటని కొత్త యంత్రం కోసం మెరుగుపరిచి మళ్లీ వదిలింది. ఎనిమిది ముక్కల్లో అయిదింటికి పటం, టింగిల్ లేకుండా ముక్కే నేరుగా దొరికేట్టు చేసింది. పడవకి వేగంగా పోయే కొత్త తెరచాప పెట్టింది. సమీక్షకులు సణిగిన రెండు చోట్లా రిపేరు జరిగింది.

ఒకసారైతే కాకతాళీయం అనుకోవచ్చు. 2011లో ‘స్కైవర్డ్ సోర్డ్’ వచ్చింది. ఫమిట్సు నలభైకి నలభై, మెటాక్రిటిక్ సగటు 93. గేమ్‌స్పాట్‌లో టామ్ మెక్‌షీ మాత్రం 7.5 వేశాడు. పాత గాయం మళ్లీ రేగింది. ఆయన ఫిర్యాదులు ఇవీ: రిమోట్ ఊపితే కత్తి అనుకున్నవైపు తిరగడం లేదు, ఆట తిరిగిన చోటికే తిప్పుతోంది, మూస పాతది.

ఆ ఆట ఆడిన వాళ్లకి ఫై గుర్తుండే ఉంటుంది. లింక్ కత్తిలో ఉండే ఆత్మ ఆమె. చాలా శ్రద్ధ గల మనిషి, అదే ఆమెతో వచ్చిన చిక్కు. తలుపు మీద కన్ను బొమ్మ ఉంది, మనం చూశాం, ఏం చేయాలో తెలిసింది. అయినా ఫై కత్తిలోంచి బయటికొచ్చి, తలుపు మీద కన్ను బొమ్మ ఉన్నదని, దాన్ని పరిశీలించడం మేలని, విజయావకాశం ఇంత శాతమని నివేదిక సమర్పిస్తుంది. మీ రిమోట్‌లో బ్యాటరీలు అయిపోవస్తున్నాయని కూడా ఆమే వచ్చి చెబుతుంది. అదొక్కటేనా, దారిలో ఒక పురుగుని పట్టుకుంటే ఆట ఆగి, ఇది ఫలానా పురుగు అని వివరించి, సంచీ తెరిచి, అందులో ఎక్కడ పెట్టిందో చూపించి, మూస్తుంది. మొదటిసారి సరే. యంత్రం ఆపి మరునాడు మళ్లీ మొదలుపెడితే, అదే పురుగుకి అదే వివరణ మొదట్నుంచీ. నలభై గంటల పైబడిన ఆటలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించుకోండి.

2021 జూలైలో ఆ ఆట కూడా స్విచ్ యంత్రం మీద మళ్లీ వచ్చింది. ఫై చాలావరకు పిలిస్తేనే పలుకుతుంది. వస్తువు వివరణ మొదటిసారి మాత్రమే. రిమోట్ ఊపడం ఇష్టం లేకపోతే బటన్లతోనే ఆడుకోవచ్చు. మెరుగుపరిచిన ఈ ఆటకి మెటాక్రిటిక్ సగటు 81. పదేళ్ల కింద 93 వేసిన లోకమే 81కి దిగింది. ఆ లెక్కన మెక్‌షీ 7.5 అంత ఘోరమేమీ కాదు. విమర్శకులు రాశారు కాబట్టే నింటెండో మార్చిందని నేను ప్రమాణం చేయలేను. కానీ మార్పులు జరిగిన చోట్లు, అప్పటి సమీక్షల్లో ఫిర్యాదులున్న చోట్లు పక్కపక్కన పెట్టి చూడండి.

ఈ అంకెల పిచ్చి ఇంతదాకా రావడానికి మెటాక్రిటిక్ ఒక పెద్ద కారణం. 2001లో మొదలైంది. పత్రికల మార్కులన్నీ నూటికి మార్చి సగటు కడుతుంది. అన్ని పత్రికలకీ ఒకే విలువ ఇవ్వదు, దేనికెంత అన్నది బయటపెట్టదు. ఆ సగటుకి డబ్బు కూడా ముడిపడింది. 2010లో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’ తయారీదారులకి సగటు 85 వస్తే బోనస్ అన్న ఒప్పందం ఉండేదని ఆ సంస్థలోని క్రిస్ అవెలోన్ చెప్పాడు. వచ్చింది 84. ఒక్క మార్కుతో బోనస్ పోయింది. అభిమాని జేబులోంచి మాత్రం పైసా పోదు. ఆయన బాధ పరువు గురించి.

ఆ పరువు కోసం ఎంతదాకా వెళ్తారో 2017 మార్చిలో తేలింది. ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ వచ్చింది. పదికి పదులు వరసగా పడుతున్నాయి, సగటు 98 మీద ఉంది. అప్పుడు స్టెర్లింగ్ అనే బ్రిటిష్ విమర్శకులొకరు పదికి 7 వేశారు. సగటు 97కి జారింది. ఒక్క మార్కు. స్టెర్లింగ్ గారి వెబ్‌సైట్ మీద దాడి చేసి, అది తెరుచుకోకుండా పడగొట్టారు.

ఆ సమీక్షలో ముఖ్యమైన ఫిర్యాదు ఆయుధాలు విరిగిపోవడం గురించి. మంచి కత్తి సంపాదిస్తాం. నాలుగు పోట్లాటలయ్యేసరికి అది పాడైపోవస్తోందన్న హెచ్చరిక కనిపిస్తుంది, ఇంకో రెండు దెబ్బలకి చేతిలోనే ముక్కలవుతుంది. దాంతో మంచి కత్తిని వాడకుండా దాచుకుని, కర్రతో నెట్టుకొస్తాం. ఇది బాధ అని ఆటగాళ్లు తమలో తాము అనుకున్న మాటే. బయటివాడు అంకె వేసి అనేసరికి ద్రోహమైంది. 2023 మే 12న దాని తరువాయి ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ వచ్చింది. అందులోనూ ఆయుధాలు విరుగుతాయి, నిర్మాతలు పట్టు వదల్లేదు. కానీ చేతికి దొరికిన కర్రకి ఒక బండరాయో, చంపిన రాక్షసుడి కొమ్మో అతికించుకుని కొత్త ఆయుధం చేసుకునే శక్తి ఇచ్చారు. విరగడం బాధగా ఉన్నచోట అతికించడం సరదా అయింది. ఆ ఆట మూడు రోజుల్లో కోటికి పైగా అమ్ముడైంది. తమాషా ఏమిటంటే, ఈసారి కొందరు అభిమానులు విమర్శకుల మీద ఎదురు ఫిర్యాదు చేశారు: పాత ప్రపంచాన్నే మళ్లీ చూపించి 70 డాలర్లు తీసుకుంటే మీరెలా పదికి పది వేశారని.

ఈ గొడవ జెల్డా ఒక్కదానిదే కాదు. 2011లో ‘అన్‌చార్టెడ్ 3’ అనే మరో సాహస ఆటకి యూరోగేమర్‌లో సైమన్ పార్కిన్ పదికి 8 వేశాడు. ఆటగాణ్ణి సినిమా దర్శకుడు చెప్పినట్టు నడిచే నటుణ్ణి చేశారన్నది ఆయన వాదం. ఆ సమీక్ష ఆట విడుదలకి ముందే వచ్చింది. కోప్పడ్డ వాళ్లలో అత్యధికులు ఆట మొహం కూడా చూడలేదు. 2016లో దాని తరువాయికి వాషింగ్టన్ పోస్ట్‌లో ఘాటైన సమీక్ష వస్తే, దాన్ని మెటాక్రిటిక్ లెక్కలోంచి తీసేయాలని సంతకాలు సేకరించారు.

విమర్శకులంతా ఉత్తములని నేను అనను. యాభై గంటల ఆటని విడుదల తేదీకి అందించాలని నిద్ర మానుకుని పరిగెత్తి ఆడతారు. ఆటని తీరిగ్గా ఆడేవాడికి నచ్చే చోట్లు ఆ పరుగులో విసుగనిపించవచ్చు, ఒక్కోసారి లోపాలే కనబడకపోవచ్చు. స్కైవర్డ్ సోర్డ్‌కి పదులు వేసిన వాళ్లలో ఫై పోరుని రెండో నెలలో కూడా భరించినవాళ్లు ఎందరో నాకు అనుమానమే. పైగా పది మార్కుల కొలమానంలో ఏడుకి కిందున్న అంకెల్ని ఇంచుమించు మూలన పడేసింది విమర్శకులే. అన్నింటికీ తొమ్మిదులు పంచితే ఏడు తిట్టులా కాక మరెలా వినిపిస్తుంది? ఈ పాపంలో వాళ్ల వాటా పెద్దదే.

అయినా నా ఓటు ఆ 8.8కే. సగటుకి ఎదురు నిలబడి, ఎందుకో కారణం చెప్పి రాసిన సమీక్ష పది పొగడ్తల పెట్టు. గెర్స్ట్‌మన్, మెక్‌షీ, స్టెర్లింగ్ ముగ్గురూ ఆ పనే చేశారు.

శ్రోతలకి చివరిగా ఒక మనవి. మీ ఇంట్లో ఆటలాడే పిల్లలుంటే, తిట్టకండి. ఆట పూర్తయ్యాక దాని మీద ఒక పేజీ సమీక్ష రాయమనండి. ఏది నచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది, తనైతే ఏం మార్చేవాడో, ఏం మార్చేదో రాయమనండి. తెలుగులోనే రాయమనండి. మార్కులు మాత్రం వేయొద్దనండి.